మూడో చుట్టు

"మళ్లీ వెనక్కి తిప్పు," అన్నాడు వెనక సీట్లోని ముసలి కఫీల్, వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, ఒళ్లో ఉన్న వేట తుపాకీని కిటికీ అద్దంలోంచి కనబడేలా ఇంకాస్త పైకి లేపుతూ.

జహ్రా దారిలోని చెక్‌పోస్టు దగ్గర పోలీసులు రెండుసార్లూ "యల్లా, పో" అని చెయ్యి ఊపారు. తుపాకీని ఎవరూ పట్టించుకోలేదు.

"లైసెన్సుంది కదా బాబా, ఇంగ ఇంటికి పోదాం," అన్నాడు డ్రైవర్ మునాఫ్.

"ఉంది కాబట్టే తిప్పమంటున్నా. అడిగితే చూపిస్తా."

మూడోసారి ఒక పోలీసు వాళ్ల బండిని ఆపాడు. ముసలాయన మీసం దువ్వుకుని లైసెన్సు చేతిలో పట్టుకున్నాడు. పోలీసు మాత్రం మునాఫ్‌ని చూశాడు.

"దిగు. ఇఖామా, నివాస కార్డు తీయ్. ఇక్కడిక్కడే ఎందుకు తిరుగుతున్నావు?"

తిరిగి సొంతూరు రాయచోటికి పంపించేస్తారేమోనని మునాఫ్ గబుక్కున దిగి కార్డు తీసిచ్చాడు. వెనక్కి తిరిగి చూస్తే, ముసలాయన అలిగిన పిల్లోడిలా మూతి ముడుచుకుని కూర్చున్నాడు. ఆ తుపాకీ తనకెలా వచ్చిందో ఆయన చెప్పే కథ ఇంట్లో ఇప్పుడు మనవళ్లు కూడా వినడం లేదు.

"సార్," అన్నాడు మునాఫ్ గొంతు తగ్గించి, "ఆ తుపాకీ యాడిదని ఒక్క మాట అడగండి సార్. లేకుంటే నాలుగో సుట్టు తిప్పిస్తాడు."

పోలీసు నవ్వు ఆపుకుంటూ కిటికీలోకి వంగాడు. "బాబా, తుపాకీ భలే ఉందే, ఎక్కడిది?"

ముసలాయన తలుపు తీసుకుని కిందికి దిగాడు.

మునాఫ్ మళ్లీ బండెక్కి ఇంజన్ ఆపేసి, సీటు వెనక్కి వాల్చుకున్నాడు.