మగ్గం మీదున్నాడు

“వదినా, కాస్త వీణ్ణి చూస్తుండు. మార్కెట్ దాకా వెళ్ళొస్తా” అంటూ పక్కింటి రాజ్యం చంటివాణ్ణి మగ్గం పక్కనే దించేసింది.

“పనిలో ఉన్నాను రాజ్యం.”

“ఇంట్లోనేగా ఉన్నావు!” రాజ్యం నవ్వేసి వెళ్ళిపోయింది.

పిల్లాడు నేరుగా పడుగు దారాల మీదికి పాకాడు. రమణమ్మ మగ్గం ఆపి, కాళ్ళు దించుకుని కూర్చునే మగ్గం గుంటలోంచి పైకొచ్చి వాణ్ణి ఎత్తుకుంది.

చీరాలలో ఆ వీధిలో ఏ ఇంట్లో చూసినా మగ్గమే. భర్త మార్కండేయులు చిలకలూరిపేటలో స్పిన్నింగు మిల్లులో చేరి, ఎప్పుడో గాని ఇంటికి రావడం లేదు. ఖాళీగా పడున్న మగ్గం మీద రమణమ్మ కూర్చుంది. చెయ్యి మంచిదే. కూర్చోనిచ్చేవాళ్ళే లేరు. అత్త పేరమ్మ మంచినీళ్ళకి పిలుస్తుంది, పొయ్యి మీద పాలు చూడమంటుంది. ఆడపడుచు కబుర్లకని వచ్చి కూర్చుంటే లేవదు. తలుపేసుకుంటే “ఏం గొప్పో!” అన్నారు. పొద్దున పూట రావద్దని బతిమాలితే నవ్వారు, పొద్దున్నే వచ్చారు.

ఆగి మళ్ళీ మొదలుపెట్టిన చోటల్లా బట్టలో చార పడుతుంది. నూలిచ్చి చీరలు నేయించుకునే రోశయ్య, రమణమ్మ నేసిన చీరని వెలుతురుకి పట్టి చూశాడు.

“అమ్మా రమణమ్మా, ఇట్టా చారలు పడితే కొట్లవాళ్ళు తిప్పి పంపుతున్నారు. ఇంకొక్క పడుగిస్తా. ఇదీ ఇట్టాగే ఉంటే ఇక మగ్గం విప్పుకోవడమే. ఏమనుకోబాక.”

ఆయన వెళ్ళగానే రమణమ్మ అత్తవైపు తిరిగింది.

“మీ అబ్బాయి నేసేటప్పుడు మీ కూతుర్నైనా గుమ్మంలోనే ఆపేవాళ్ళు. నేను నేస్తుంటే అందరికంటే ముందు మీరే పిలుస్తారు. నాదీ పనే అత్తయ్యా.”

పేరమ్మ ముఖం ఎర్రబడింది. “ఎంతమాటన్నావే! అయితే ఆ మగ్గం మీద మావాడే కూర్చుంటాడులే” అని విసురుగా లేచింది.

సోమవారం రాజ్యం పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. పేరమ్మ అరుగు మీద కూర్చుని నూలు కండెలు చుడుతోంది.

“వదినేదీ పెద్దమ్మా?”

“వేటపాలెం పంపించా, పుట్టింటికి.”

“మరి లోపల చప్పుడు?”

“మావాడు మగ్గం మీదున్నాడు. మిల్లులో పని లేదంట, రాత్రే వచ్చాడు. ఈ పడుగు దిగేదాకా ఎవ్వరూ పలకరించబాకండి.”

రాజ్యం గొంతు తగ్గిపోయింది. “అయ్యో, అన్నయ్య పనిలో ఉన్నాడా! ఒరేయ్, అరవబాకరా” అని పిల్లాడి నోరు మూసి వెనక్కి తిరిగింది. పాపం వదిన నోరు జారింది కాబోలు, అత్త సాగనంపేసింది అనుకుంది.

మాట వీధంతా పాకింది. ఆడపడుచు గుమ్మం దాకా వచ్చి, తమ్ముడి పని చెడగొట్టడం ఎందుకని వెళ్ళిపోయింది. సైకిళ్ళవాళ్ళు ఆ ఇంటి ముందు బెల్లు కొట్టడం మానేశారు. మగ్గం ఆగకుండా ఒకే లయలో ఆడింది.

చీరలు తీసుకోవడానికి వచ్చిన రోశయ్య లోపలికి తొంగిచూడబోయి, తనే ఆగిపోయాడు. అరుగు మీదే చీర విప్పి వెలుతురుకి పట్టాడు.

“మగాడి చెయ్యి మగాడిదే పేరమ్మా! ఎక్కడా చారన్నదే లేదు.”

కొత్త పడుగు ఇచ్చి వెళ్ళాడు. పేరమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

కాసేపటికి రాజ్యం అడుగుల చప్పుడు కాకుండా వచ్చింది. చేతిలో పొగలు కక్కే టీ.

“అన్నయ్యకి, పెద్దమ్మా. పొద్దుట్నించీ ఒక్కడే కష్టపడుతున్నాడు.”

పేరమ్మ గ్లాసు పట్టుకుని లోపలికి వెళ్ళి, తలుపు మళ్ళీ దగ్గరగా వేసింది.

“కాళ్ళు లాగుతుంటాయి, కాసేపు ఆగు” అంది నెమ్మదిగా.

గుంటలోంచి రమణమ్మ చెయ్యి చాచి గ్లాసు అందుకుంది.