అప్పజెప్పిన లక్షణాలు

"మళ్ళీ ఒకసారి అప్పజెప్పు," అన్నాడు రాధాకృష్ణమూర్తి, ఆసుపత్రి బల్ల మీద భార్య పక్కన ఒదిగి కూర్చుంటూ.

"దురద. మంట. ఎర్రగా కందిపోవడం," అంది సుబ్బలక్ష్మి, ఫ్యాను వంక చూస్తూ.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పది రోజుల నుంచి."

"ఎవరికి?"

"నాకు."

"అదీ!" అన్నాడు, ఫస్టు మార్కు వేసినంత తృప్తిగా.

దురద నిజానికి ఆయనది. హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాడు. మానవ ప్రత్యుత్పత్తి పాఠం వచ్చినప్పుడల్లా "ఇది పరీక్షలో రాదు, పేజీ తిప్పండి" అంటాడు. ఇప్పుడు సరిగ్గా ఆ పేజీలోనే తేడా వచ్చింది. చిలకలూరిపేటలో ఏ మగ డాక్టరు దగ్గరికెళ్ళినా, కాంపౌండరు తన శిష్యుడే అయి తీరతాడు. 'మాస్టారికి అక్కడ దురదంట' అనే మాట, స్పిన్నింగు మిల్లు సైరన్ కన్నా బిగ్గరగా ఊరంతా వినిపిస్తుంది. అందుకే ఆడ డాక్టరు దగ్గరికి భార్యను వెంటబెట్టుకొచ్చాడు. రోగం ఆవిడ పేరున, మందు తన ఒంటికి.

"ఆడవాళ్ళకి ఇవన్నీ మామూలేగా. నీకు పోయేదేముంది?"

"నాకేం పోతుందండీ," అంది సుబ్బలక్ష్మి.

పిలుపొచ్చింది. అప్పజెప్పడంలో తప్పులు పోతాయేమోనని ఆయనా లోపలికి వెళ్ళాడు.

"చెప్పమ్మా," అంది డాక్టర్ రెబ్కా.

సుబ్బలక్ష్మి దురద చెప్పింది, మంట చెప్పింది. అక్కడితో ఆగలేదు. "తెల్లగా కూడా అవుతోందండీ. విరిగిన పాలలాగా, ముద్దముద్దగా. వాసనేం లేదు. ఒంటికెళితే ఒకటే మంట."

రాధాకృష్ణమూర్తి ఉలిక్కిపడ్డాడు. ఇది తను చెప్పిన పాఠంలో లేదే!

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఎనిమిది నెలలండీ."

గట్టి మందు రాయించడానికి పెంచి చెబుతోంది కాబోలు అనుకుని, లోలోపల మెచ్చుకున్నాడు.

"దీనికి ముందు యాంటీబయాటిక్స్ ఏమైనా వాడావా?"

"దగ్గొస్తే మా వీధిలో ఆరెంపీ వారం రోజులు సూదులు పొడిచాడండీ. ఆ తర్వాతే మొదలైంది."

"మిరపకాయల వల్ల కూడా వస్తుందా అండీ?" అన్నాడు రాధాకృష్ణమూర్తి, తనూ ఉన్నానన్నట్టు.

"కారం పాపం ఏం చేసిందండీ! ఇది ఈస్టు. ఒంట్లో ఎప్పుడూ కాస్త ఉండేదే. యాంటీబయాటిక్ దెబ్బకి మంచి సూక్ష్మజీవులు చస్తే, ఇది పెచ్చుమీరుతుంది. షుగరున్నా అంతే. తడి బట్టలు, గాలాడని నైలాన్ బట్టలు దానికి మంచి కాపురం. మీరు సైన్సు మాస్టారని మా నర్సు చెప్పింది, తెలీదా?"

"అది... సిలబస్‌లో లేదండీ."

"నువ్విలా వచ్చి పడుకోమ్మా, చూస్తాను."

మంచం చుట్టూ తెర మూసుకుంది. రాధాకృష్ణమూర్తి తలుపు వంక చూశాడు. అయిపోయింది! నాటకం బయటపడిపోతుంది, డాక్టరు నిలదీస్తుంది, నర్సు వింటుంది, నర్సు కొడుకు టెన్త్ బి సెక్షను...

డాక్టరు ఇవతలికొచ్చి చేతులు కడుక్కుంది. ఏమీ అడక్కుండా చీటీ రాసింది. షుగరు పరీక్షకి ఇంకో చీటీ రాసింది. ఆయన ప్రాణం లేచొచ్చింది. ఈ డాక్టర్లు ఇంతేనన్నమాట, చూసినట్టు నటిస్తారు!

"మాస్టారూ," అంది డాక్టరు కలం మూత పెట్టబోతూ. "మీకేమైనా దురద, ఎరుపు ఉన్నాయా? ఉంటే ఇప్పుడే చెప్పండి. మగవాళ్ళకి వాడే తీరు వేరు, విడిగా రాసిస్తాను."

"ఛఛ! నాకేంటండీ!" అన్నాడు, కుర్చీలో ఇటు నుంచి అటు సర్దుకుంటూ.

మందులు కొనుక్కుని రోడ్డెక్కారు. పత్తి లారీ ఒకటి హారను కొట్టుకుంటూ దాటిపోయేదాకా ఆగి, ఆయన పగలబడి నవ్వాడు.

"అబ్బ, ఏం నటించావే! పరీక్ష చేసి కూడా కనిపెట్టలేకపోయింది. ఏదీ, ఆ సంచీ ఇటు తే."

సుబ్బలక్ష్మి సంచీని చంకలో ఇరికించుకుంది.

"నటనెక్కడిదండీ, ఎనిమిది నెలల్నుంచీ నాకున్నదే చెప్పి, నా మందులు నేను తెచ్చుకున్నాను, మొదట్లో నేను చెప్పుకుంటే మీరు నాకిచ్చిన మందే ఇప్పుడు మీరూ వాడండి: వేడి చేసుంటుంది, రెండు గ్లాసులు మజ్జిగ తాగి పడుకోండి!"