నున్నటి ర్యాంపు

హైటెక్ సిటీలో ఓ ఆఫీసు పార్కింగ్ ర్యాంపు మీద నరేందర్ బ్రేకర్ మిషన్‌కు గట్టి కార్బైడ్ లోహపు పళ్లున్న ముక్క బిగించి, కాంక్రీటును గరుకుగా కొడుతున్నాడు. ఆ ర్యాంపును అద్దంలా తీర్చిన మేస్త్రీ అతని తండ్రి ఐలయ్యే.

పక్క భవనంలో పనిచేస్తున్న ఐలయ్య చప్పుడు విని వచ్చాడు.

“ఏందిరా గిది? నడుము పడిపోయేదాక వంగి నేను నున్నగ చేస్తే, కోళ్లు కెలికినట్టు కెలుకుతున్నవ్! థూ, గిదొక పనా? మిషన్ పట్టుకున్నోడల్లా పనోడేనా?”

నరేందర్ మిషన్‌ను ఇంకో అడుగు ముందుకు జరిపాడు.

“నా కొడుకువని చెప్పుకోనీకే సిగ్గయితుంది. ఎవడు కొట్టమన్నడు?”

“ఎవ్వరనలే. నేనే ఇంజనీరు సారును బతిమాలుకున్న.”

“తండ్రి పని ఖరాబు చేయనీకి బతిమాలుకున్నవా? శెభాష్ రా!” అని ఐలయ్య ఎగతాళిగా నవ్వాడు.

నరేందర్ మిషన్ ఆపాడు.

“అమ్మ నీకు చెప్పినట్టు ఇంట్ల బాత్రూంల పడలే నాయినా. ఈడ పనికొచ్చి, ఈ ర్యాంపు ఊడ్సుకుంట ఊడ్సుకుంట జారి, చెయ్యి ఇరగ్గొట్టుకున్నది. నువ్వు బాధపడ్తవని చెప్పొద్దన్నది.”

ఐలయ్య కింద కూర్చున్నాడు. ఇంకా నున్నగా ఉన్న చోటును అరచేత్తో తడిమాడు.

“ఈడ గుడ కొట్టు,” అన్నాడు.