నాలుగో టైలు

"నీళ్లేమైనా కరుస్తాయా? దూకు!" విజిల్ ఊది మరీ గద్దించాడు ఈత మాస్టారు. వేసవి శిబిరంలో పిల్లలకు ధైర్యం నూరిపోసే మహానుభావుడు ఆయనే మరి.

పోయినేడు చెరువులో మునిగి బతికిన ఎనిమిదేళ్ల పిల్ల, ఈతకొలను అంచు నుంచి నాలుగో టైలు మీదే కొయ్యబారిపోయింది.

"మీరు దిగరా సార్?"

"ఏం, నాకు రాదనా? పతకాలే ఉన్నాయి!"

పతకాల సంగతేమో గానీ, పది రోజులుగా ఆయన బూట్ల మీద చుక్క నీరు పడలేదు. తడవకుండా ఈత నేర్పడం ఆయనకే చెల్లింది.

పిల్ల కిందికి చూసింది. ఆయన నిలబడ్డదీ నాలుగో టైలు మీదే.

"మీరెప్పుడు మునిగారు సార్?"

మాస్టారి నోట్లోంచి విజిల్ జారిపడింది. "నీ అంత ఉన్నప్పుడు."

"అయితే నా చెయ్యి పట్టుకోండి. ఇవాళ మూడో టైలు దాకా వెళ్దాం."