గీత పడని కారు

"నీళ్ళు చల్లకు!" జెన్‌యూ కేక పెట్టాడు.

కార్ల మీద గీతా వేడీ తగలనివ్వని ప్లాస్టిక్ ఫిల్మ్ అంటించే ఆకై ఉలిక్కిపడి చేతిలోని సీసా కింద పెట్టేశాడు. "అలవాటన్నా. ఏ కారుకైనా ముందు సబ్బునీళ్ళు కొట్టి, ఆ తడి మీదే ఫిల్మ్ పరుస్తాం. అప్పుడే అటూ ఇటూ జరుపుకోవచ్చు."

"దీనికొద్దు. కొత్తగా వేసిన రంగు. తడి తగలకూడదు."

"అయితే ఒక్కసారే అంటించాలి. వంకరపోయిందని లేపితే ఫిల్మ్‌తో పాటు అసలు రంగే ఊడొస్తుంది. తర్వాత నన్నంటే కుదరదు, ముందే చెబుతున్నా."

నల్లగా నిగనిగలాడుతున్న ఆ కారు రేపు పొద్దున్నే నాన్నకు చేరాలి. దాని మీద గీత ఉండకూడదు, మరక ఉండకూడదు. ఉంటే ఏమవుతుందో తలుచుకోవడానికే అతనికి ధైర్యం చాలడం లేదు.

ఇది రెండో కారు. మొదటిది ఇచ్చిన రోజు చియాయీ ఊరంతా గాలివాన. దారిలోనే బానెట్ మీద చారలు పడ్డాయి. పోనీలే, ఆయన అంతగా చూడడులే అనుకుని అక్కా తనూ అలాగే ఇచ్చేశారు. నాన్న చూశాడు. వారం తిరక్కుండా వచ్చి జెన్‌యూ మంచం పక్కన నిలబడ్డాడు.

"రంగు పోయిన బండి ఇస్తావురా నాకు?"

తిట్టలేదు, చెయ్యి ఎత్తలేదు. తిట్టినా బాగుండేది. అప్పటినుంచీ వస్తూనే ఉన్నాడు. ఊరికే నిలబడి చూస్తాడు. జెన్‌యూ దుప్పటి ముసుగు పెట్టుకుని చెమటలు కక్కుతాడు. నలభై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. పగలు ఆఫీసులో కూడా వెనక్కి తిరిగి చూసుకునే అలవాటు పట్టుకుంది.

నాన్న జీవితమంతా పసుపు టాక్సీ నడిపాడు. ఎప్పటికైనా నల్ల కారు, సొంత కారు కావాలనేది ఆయన కోరిక. బండి మీద ఈగ వాలినా ఓర్చుకోలేడు. చిన్నప్పుడు జెన్‌యూ సైకిలు తగిలి టాక్సీ తలుపు గీసుకుపోతే, ఆ గీత మీద వాడి వేలు పెట్టించి పొద్దుగూకేదాకా కదలనివ్వలేదు. ఆ భయం ఆ వేలిలోంచి ఇంకా పోలేదు.

మొదట్లో ఆకై పగలబడి నవ్వాడు. "దీనికి ఫిల్మా? కారు కంటే ఫిల్మ్ ఖరీదెక్కువ కదన్నా!" నాన్న కోసమని చెప్పగానే వాడి నవ్వు ఆగిపోయింది. బుగ్గన పెట్టుకున్న వక్క ఉమ్మేసి వచ్చాడు.

"ఆయన టాక్సీ ఒకసారి ఎక్కానన్నా. అద్దం మీద వేలు ఆనించానని సగం దారిలో దింపేశాడు. చేస్తాలే. కానీ ఆయనకు నా పేరు మాత్రం చెప్పొద్దు."

ఫిల్మ్ పరవడం మొదలైంది. బానెట్ అయింది. పైకప్పు అయింది.

"గట్టిగా నొక్కకు, సొట్ట పోతుంది."

"తెలుసన్నా. ఊపిరి కూడా బిగబట్టే చేస్తున్నా."

ఎడమవైపు తలుపు దగ్గర ఫిల్మ్ మడతపడింది. ఆకై కొనగోటితో అంచు పట్టుకుని నెమ్మదిగా లేపాడు. చర్రుమని చప్పుడైంది.

జెన్‌యూ ఒక్క అంగలో దగ్గరికొచ్చాడు. "రంగు వచ్చిందా?"

ఆకై దీపం దగ్గరికి జరిపాడు. వంగి, కళ్ళు చికిలించి చూశాడు. "లేదు. ఫిల్మే చిరిగింది. ఇంకో ముక్క వేస్తా."

టర్కీ కోడి అన్నం పొట్లాలు పట్టుకుని అప్పుడే వచ్చిన అక్క లీచూ తమ్ముణ్ణి చూసి గొణిగింది. "నీ మొహంలో నెత్తురు చుక్క లేదు. తిను ముందు."

"అక్కా, నీ దగ్గరికీ వస్తున్నాడా?"

ఆమె పొట్లం విప్పుతున్నదల్లా ఆగింది. "మొన్న వచ్చాడు. మా ఆయన పక్కనే గురకపెడుతున్నాడు. నాన్న కాళ్ళ దగ్గర నిలబడి, 'నీ తమ్ముడికి చెప్పు' అన్నాడు. ఏం చెప్పాలో చెప్పలేదురా. అదే నా భయం."

ఇద్దరూ పొట్లాలు మళ్ళీ మడిచేశారు.

పొద్దున్నే కారును చిన్న ట్రక్కు మీదికి ఎక్కించారు. దాన్ని రోడ్డు మీద నడిపే మాటే లేదు. జెన్‌యూ దాని పక్కనే కూర్చుని దారంతా చంటిబిడ్డను పొదువుకున్నట్టు పట్టుకున్నాడు. ఊరి చివరకు వచ్చేసరికి అనుకున్నంతా అయింది. వాన పడింది.

అతను కళ్ళు మూసుకున్నాడు. తెరిచి చూస్తే చినుకులు ఫిల్మ్ మీద ముత్యాల్లా జారిపోతున్నాయి. రంగు చెక్కుచెదరలేదు. అతనికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

చేరేసరికి వాన వెలిసింది. బంధువులు అప్పటికే వరసగా నిలబడి ఉన్నారు. కారును జాగ్రత్తగా దించారు. అక్క చారలు కట్టిన నీళ్ళను చేతిరుమాలుతో తుడిచి, చుట్టూ తిరిగి, వంగి వంగి చూసింది.

"ఒక్క గీత లేదురా. ఈసారి ఆయన ఏ వంక పెడతాడో నేనూ చూస్తా. ఇవాళ్టినుంచి హాయిగా నిద్రపో."

జెన్‌యూ గుండెల నిండా గాలి పీల్చుకుని, ఇక కానివ్వండి అన్నట్టు తల ఊపాడు.

పూజారి మళ్ళీ మళ్ళీ నిప్పు పెడుతూనే ఉన్నాడు గానీ, చనిపోయిన నాన్నకు కాల్చి పంపాల్సిన ఆ కాగితపు కారు మీద, ఫిల్మ్ కింద, రంగు కనీసం కమలనైనా లేదు.