నోటి మగ్గం

ఓడల్లో వచ్చిన చవక బట్ట దెబ్బకు సిరిసిల్లలో మరమగ్గాలన్నీ ఆగిపోయిన నెలకు, పని పోయినవాళ్లకు కొత్త పని చూపే సర్కారు మాట్లాడే మర, మగ్గం నడిపే నాగలత ఇంట్లోకి దొర్లుకుంటూ వచ్చింది.

"ఓడలో సరుకుగా దిగని పని ఒక్కటి చెప్పమ్మా, జీతమిస్తాం. మూడే అవకాశాలు," అంది మర.

"బీడీలు చుడుత."

"వస్తున్నాయమ్మా."

"జాకెట్లు కుడుత."

"అవీ వస్తున్నాయి."

ఇక మిగిలింది ఒక్క అవకాశమే; మర గుమ్మం వైపు తిరుగుతోంది. అప్పుడే తొట్టెలలో పిల్ల గుక్కపట్టింది. మగ్గాల మధ్య పుట్టిన పిల్ల, ఆ చప్పుడు వినిపిస్తే తప్ప కన్ను మూయదు.

"మర పోతాంది, ఏదో ఒకటి చెప్పవే!" అని అత్త ఎల్లవ్వ అరిచింది.

"పిల్లనిట్ల ఏడ్వనిస్తనా అత్తమ్మా?" అంటూ నాగలత తొట్టెల ఊపుతూ, రోజూలాగే నోటితో మగ్గం ఆడించింది. టకటక్, టకటక్, టకటక్. పిల్ల నిద్రపోయింది.

ప్రపంచంలోని ఓడలన్నీ వెతికినట్టు మర దీపాలు గిర్రున తిరిగాయి. "ఇది ఎక్కడా లేదమ్మా! మగ్గాలు ఆగినప్పటి నుంచి ఊళ్లో మూడొందలమంది పిల్లలకు నిద్ర లేదు. రేపే ఉద్యోగంలో చేరాలి."

"ఓ మరా, నాది నలభై ఏండ్ల సర్వీసు! రెండు మగ్గాలు ఒక్కపారే ఆడిస్త!" అంటూ ఎల్లవ్వ కొంగు నడుముకు చెక్కి మొదలుపెట్టింది.

మర దీపాలార్పుకుని గురకపెట్టింది. ఇద్దరి పేర్లూ రాయించడానికి దాన్ని తట్టి లేపాల్సి వచ్చింది.