అడగాల్సిన మనిషి

“అమ్మా, ఊఁ అను. అవతల డాక్టరుగారు నిలబడి ఉన్నారు.”

“మీ అత్తయ్యని రానీరా,” అంది తల్లి, ఆక్సిజన్ మాస్కు పక్కకి జరిపి.

కొడుకు తల పట్టుకున్నాడు. పొద్దున టైలరింగ్ షాపులో మిషను ముందు కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయింది. ఎమర్జెన్సీకి తెచ్చేసరికి గుండె రక్తనాళం ఒకటి పూర్తిగా మూసుకుపోయిందన్నారు.

గుండె డాక్టరు ఓపిక తెచ్చుకుని మళ్లీ మొదలుపెట్టాడు. “చూడండమ్మా, నాళం తెరవాలంటే లోపలికి రంగుమందు ఎక్కించాలి. మీ కిడ్నీ పని అసలే అంతంతమాత్రం. ఈ వయసులో ఆ మందు దాన్ని పూర్తిగా దెబ్బతీయొచ్చు. అలాగని మానేస్తే గుండె నిలవదు. కిడ్నీ పోతే డయాలిసిస్ అయినా ఉంది. గుండె పోతే ఏముంది?”

“అర్థమైంది బాబూ. మా ఆడపడుచు వచ్చాక చెప్తాను.”

“ఆవిడ డాక్టరా?”

“కండక్టరు. రిటైరైంది.”

“మరి ఆవిడ్ని అడగడమెందుకమ్మా? ఒళ్లు మీది!”

తల్లి కళ్లు మూసుకుంది. కొడుక్కి చిర్రెత్తింది.

“మీ ఇద్దరికీ మాటల్లేక రెండేళ్లు. పోనీ ఫోన్లో అడుగుతానంటే వద్దంటావు!”

“ఇలాంటివి ఫోన్లో అడిగేవి కావు.”

మాటలు ఆగిపోయింది కూడా పెద్ద విషయానికేం కాదు. నీళ్లు సరిగా తాగుతున్నావా, నొప్పి బిళ్లలు మింగుతున్నావా అని ఆడపడుచు రోజూ ఆరా తీసేది. “నా ఒంటిమీద నీ పెత్తనమేమిటి?” అని ఒకనాడు ఈవిడ గయ్యిమంది. ఆవిడా తక్కువ తినలేదు. అంతటితో రాకపోకలు బంద్.

తలుపు తోసుకుని ఆడపడుచు వచ్చింది. రొప్పుతోంది.

“ఏం వదినా, నన్ను పిలవాలంటే గుండెపోటు రావాలా?”

“రావాల్సొచ్చింది మరి.” వదిన గొంతు పీలగా ఉంది. “వీళ్లు ఏదో మందు ఎక్కిస్తారట. కిడ్నీ పోవచ్చట.”

ఆడపడుచు మంచం పక్కకి వచ్చింది. వదిన కాళ్లమీద దుప్పటి సరిచేసింది. సరిగ్గా ఉన్నదాన్నే ఇంకోసారి సరిచేసింది.

“పోతే పోనీ,” అంది.

“తర్వాత దెప్పకూడదు.”

“దెప్పుతాను. చచ్చేదాకా దెప్పుతాను. పడ్డానికి నువ్వుండాలిగా!”

వదిన నవ్వబోయి దగ్గింది. డాక్టరు వైపు తల ఊపింది. స్ట్రెచర్ కదిలింది, దాని వెనకే కొడుకు పరుగెత్తాడు.

ఆడపడుచు స్టూలు మీద కూలబడి, ఎడమ డొక్క మీద చెయ్యి వేసుకుంది.

వదిన ఒంట్లో ఉన్న ఆ కిడ్నీకి పుట్టిల్లు అదే.